మా అత్తగారి పరుగు

మా అత్తగారు పోయి ఇరవై రోజులైంది. ఆ పొద్దున ఆరు గంటలకు మా ఆయన ఆస్పత్రి నుంచి వచ్చి, సైకిలుకు స్టాండు వెయ్యకుండా గోడకి ఆనించి, చెప్పులు విప్పకుండా వాకిట్లోనే నిలబడిపోయారు. నేను స్టవ్వు మీద పాలు పెడుతున్నాను. "అమ్మ..." అన్నారు. అంతే. ఊపిరితిత్తులకు నెమ్ము చేరిందని డాక్టరు నాలుగు రోజుల ముందే చెప్పాడు కాబట్టి మిగిలిన మాట నేనూ అడగలేదు. ఆమెకు అరవై ఒకటో ఏడు.

దినవారాలకు వచ్చిన చుట్టాల్లో ఒక పెద్దావిడ అందరూ వినేలా అంది: "ఆడమనిషి, అందులోనూ ఆ వయసులో, తెల్లారకముందే మంచులో పడి పరుగులు తీస్తే నెమ్ము చెయ్యక ఏం చేస్తుంది? చేజేతులా తెచ్చుకుంది." నలుగురు తలలూపారు. ఇంటి నిండా జనం, పొయ్యి మీద అన్నం. నేనప్పుడు ఊరుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా కూర్చుని జవాబు రాస్తున్నాను. ఆమెను ఎరగని మీకు చెబితే ఆ నలుగురికీ చెప్పినట్టే.

అరవై ఎనిమిదిలో మేము మియాపూర్ వచ్చాం. బొంబాయి రోడ్డు మీద కొత్తగా పెట్టిన ఒక పెద్ద కర్మాగారంలో, మెషిను షాపులో, మా ఆయనకు సూపర్‌వైజరు ఉద్యోగం. క్వార్టర్సు దొరికేదాకా అని ఊళ్లో రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. కృష్ణా జిల్లా కాలవల మధ్య పెరిగినదాన్ని, ఇక్కడ ఎటు చూసినా బండలూ జొన్నచేలూ. వాటి మధ్య లారీల రోడ్డు. అత్తగారు మాతోనే వచ్చారు. ఇరవై ఎనిమిదో ఏట భర్త పోతే మిషను కుట్టి కొడుకును చదివించిన మనిషి. ఏళ్ల తరబడి మిషను ముందు కూర్చుని కూర్చుని నడుం బిగుసుకుపోయింది. కింద కూర్చుంటే లేవడానికి గోడ కావాలి. ఈమె పరుగెడుతుందని అప్పుడు ఎవరైనా చెబితే నేనే నవ్వేదాన్ని.

ఆ శ్రావణంలో నాకు ఆరో నెల. ఒక తెల్లవారుజామున లేచేసరికి రక్తం కనిపించింది. మా ఆయన షిఫ్టులో ఉన్నారు. ఊళ్లో ఫోను లేదు, మొదటి బస్సు ఏడింటికి, ఇంటి ఓనరు ఎద్దుబండి కట్టుకుని పట్నం పోయాడు. అత్తగారు నన్ను ఇంటి ఓనరమ్మకు అప్పజెప్పి కర్మాగారం ఆస్పత్రి జీపు కోసం బయలుదేరారు. మూడున్నర మైళ్లు. పరుగెత్తుకుంటూ వెళ్లారని ఓనరమ్మ చెప్పింది. మదీనాగూడ దగ్గరికి వచ్చేసరికి డొక్కలో నొప్పి, ఊపిరి అందలేదు. రోడ్డు పక్క రాయి మీద కూలబడ్డారు. చెయ్యెత్తితే రెండు లారీలు ఆగకుండా పోయాయి. చివరికి ఎవరిదో బండి ఎక్కి చేరారు. జీపు మా వాకిట్లోకి వచ్చేసరికి బాగా పొద్దెక్కింది. బిడ్డ దక్కలేదు.

"గంట ముందొచ్చినా ఇంతేనమ్మా" అని డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని చెప్పింది. ఆమె విన్నారు. తల ఊపారు. ఆ తర్వాత ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

రెండు నెలలు గడిచాయి. కార్తీకంలో ఒకనాడు మెలకువ వచ్చి చూస్తే అత్తగారి పక్క ఖాళీగా ఉంది, తలుపు దగ్గరగా వేసి ఉంది. వెలుగు వస్తుండగా ఆమె తిరిగొచ్చారు. కుచ్చెళ్లు వెనక్కి తీసి గోచీ పెట్టుకున్నారు, పొలం పనికి వెళ్లే ఆడవాళ్లలాగా. ఒళ్లంతా చెమట. కుడికాలు ఈడుస్తున్నారు.

"ఎక్కడికెళ్లారు అత్తయ్యగారూ?"

"మదీనాగూడ రాయి దాకా."

"ఇంత చీకట్లోనా! ఎందుకు?"

"దాని దగ్గర ఆగకుండా పోగలనేమో చూద్దామని." గోడ పట్టుకుని కూర్చున్నారు. "ఇవాళ దాని దాకా కూడా పోలేదులే."

మొదటి పదిహేను రోజులు మోకాలి కింద ఎముక పొడిచేస్తోందని రాత్రి పడుకునే ముందు ఆముదం రాసుకునేవారు. మానేస్తారనుకున్నాను. కుంటుతూ నీళ్లు తోడుతుంటే ఓనరమ్మ గారి భర్త చూశాడు. ఆయన బండి తోలే మనిషి. ఎద్దు నడకలో తేడా వస్తే చీకట్లో కూడా చెప్పేస్తాడని ఊళ్లో పేరు.

"ఏంది పెద్దమ్మా, ఎవలన్న తరుముతున్నరా నిన్ను?" అని నవ్వి, తర్వాత నవ్వు ఆపి అన్నాడు: "జర అటు ఉరికి చూపియ్యి."

ఆమె సిగ్గుపడకుండా వాకిట్లో ఆ చివర నుంచి ఈ చివరికి పరుగెత్తి చూపించారు. ఆయన నేల మీద గొంతుక్కూర్చుని కాళ్లే చూశాడు.

"మడమ ముందు పడుతుంది నీకు. గిట్ల నేలను గుద్దుకుంట పోతే ఎద్దుకైన కాలు పోతది. అడుగు దూరం చాపకు. నీ కిందనే వెయ్యి, చిన్నగ."

ఎవరో గురువు ఉపదేశం చేసినట్టు ఆ మాట పట్టుకున్నారు ఆమె. వారం రోజులు రోడ్డు ఎక్కలేదు. వాకిట్లోనే, ఉన్నచోటునే కాళ్లు ఎత్తి దించుతూ, ఏ భాగం ముందు నేలను తాకుతోందో చూసుకునేవారు. తర్వాతి పాఠాలు తనంతట తానే నేర్చుకున్నారు. చిన్నప్పుడు తల మీద బిందె పెట్టుకుని నీళ్లు మోసిన మనిషి. ఆ బిందె ఇప్పుడూ ఉందనుకుని పరుగెడితే తల ఊగదని కనిపెట్టారు. చేతులు బిగిస్తే మెడ పట్టేస్తోందని, గుప్పిట్లో పిచికపిల్ల ఉన్నట్టు పట్టుకోవాలన్నారు. మూడడుగులకు ఊపిరి లోపలికి, మూడడుగులకు బయటికి. అన్నిటికన్నా ఆమెకు ముఖ్యం చప్పుడు. "టపటపా వినపడిందంటే నేలతో పోట్లాడుతున్నట్టే" అనేవారు. "దానితో పోట్లాడి గెలిచినవాడు లేడు."

ఆ పిచ్చి ఇంట్లోకి కూడా వచ్చింది. సాయంత్రం అరుగు మీద కూర్చుని రోడ్డున పోయేవాళ్ల నడకలు చూసేవారు. "ఆ అబ్బాయి ఎడమ భుజం దిగిపోయింది, సంచీ ఎప్పుడూ అటే తగిలిస్తాడు కాబోలు." నేను కూర తరుగుతుంటే వెనక నుంచి వచ్చి నా రెండు భుజాలూ పట్టుకుని కిందికి దించి వెళ్లిపోయేవారు. ఒక్కోసారి ఒళ్లు మండేది నాకు.

సంక్రాంతి దాటాక మదీనాగూడ రాయి దాటారు. ఆ రోజు ఇంటికొచ్చి ఏమీ చెప్పలేదు. నానబెట్టిన పెసలు రెండు గుప్పెళ్లు ఎక్కువ తిన్నారు, దాన్ని బట్టి తెలుసుకున్నాను.

అప్పుడు వచ్చింది అసలు చిక్కు. ఒక మధ్యాహ్నం ఓనరమ్మ వచ్చి గుమ్మం దగ్గర నిలబడి కొంగు చివర మెలిపెడుతోంది.

"పెద్దమ్మా, మనసుల పెట్టుకోకు. కూరగాయల బండ్లోళ్లు అంటుండ్రు..."

"ఏమంటున్నారు?"

"పొద్దుగాల్నే మొగుడు లేని ఆడిది ఎదురొస్తుందని. నిన్న ఒకాయన బండి మర్లేసుకొని ఇంటికి పోయిండట. బేరం కాదని."

నా చేతిలో చేట ఆగిపోయింది. అత్తగారు చిక్కుళ్లు ఒలుస్తున్నారు. ఆ కాయ ఒలవడం పూర్తి చేశారు.

"పాపం, ఆయన కూరగాయలు ఏమయ్యాయి?" అని అడిగారు.

ఇక అయిపోయిందనుకున్నాను. మర్నాడు ఆమె ఇంకో అరగంట ముందు లేచారు. రోడ్డు మీదికి పోకుండా, పొలాల గట్ల వెంట నడుచుకుంటూ మదీనాగూడ అవతలికి వెళ్లి, అక్కడ రోడ్డెక్కి, పట్నం వైపు పోయే బండ్ల వెనక నుంచి పరుగెత్తుకుంటూ వచ్చారు. ఒక్కో బండినీ దాటుకుంటూ ఇంటికి చేరారు.

"ఎదురొస్తే కదమ్మా అపశకునం?" అని ఓనరమ్మకు వివరించారు. "నేను వెనక నుంచి వచ్చి దాటిపోతాను. దాటిపోతే ఏమవుతుందో ఏ శాస్త్రంలోనూ లేదు."

ఓనరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అలా నవ్వుతూనే వాళ్ల ఇంట్లోకి పోయింది. అత్తగారూ నవ్వారు. కానీ ఆ మధ్యాహ్నం మిషను ముందు కూర్చుని చాలాసేపు చక్రం తిప్పలేదు. జాకెట్టు గుడ్డ సూది కింద అలాగే ఉంది. అది నేను చూశాను. చూసి పెరట్లోకి వెళ్లిపోయాను.

ఏడాదిన్నర అలా నడిచింది. తర్వాత ఇంట్లోనే గొడవ లేచింది. మా ఆయన పైఆఫీసరు ఒకనాడు పొద్దున్నే కారులో పోతూ ఆమెను చూశాడు. ఆ మధ్యాహ్నం షాపులో అందరి ముందూ, "ఏమోయ్, మీ అమ్మగారు ఏ పోటీకి తయారవుతున్నారు?" అన్నాడట. నవ్వులు. ఈయన ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, తినకుండా లేచారు.

"అమ్మా, ఇక చాలు."

"ఏం చాలు?"

"ఈ పరుగులు. నేను నలుగురిలో తలెత్తుకోవద్దా? నీకు ఏం తక్కువ చేశానని రోడ్డున పడ్డావు?"

"నువ్వు తక్కువ చేశావని ఎవరన్నార్రా?" అన్నారు ఆమె, మామూలు గొంతుతోనే. "రేపు నీకు సెలవు. సైకిలు తీసుకుని నా వెనక రా. నలుగురు నవ్వితే ఎల్లుండి నుంచి మానేస్తాను."

ఆమె మాటంటే మాటే. నాకు భయం వేసింది. తొలిరోజుల్లో నేనూ మానేస్తే బాగుండుననుకున్నదాన్నే. ఇప్పుడు, ఎవరూ నవ్వకపోతే బాగుండునని కోరుకుంటూ వాకిట్లో నిలబడ్డాను.

ఆరున్నరకు ఇద్దరూ తిరిగొచ్చారు. ఆమె కాళ్లు కడుక్కోవడానికి బావి దగ్గరికి వెళ్లారు. ఈయన సైకిలు పట్టుకుని అలాగే నిలబడ్డారు.

"నవ్వారా?" అన్నాను.

"ఒక లారీ క్లీనరు నవ్వాడు. అమ్మ వాడికి చెయ్యెత్తి పలకరించింది. వాడు సిగ్గుపడి దణ్ణం పెట్టాడు."

"బండ్లవాళ్లు?"

"ఒక ముసలాయన నన్ను ఆపాడు. ‘ఆమె నీ తల్లేనా, బిడ్డా?’ అన్నాడు. అవునన్నాను. ‘ఆమె మమ్మల్ని దాటిందంటే యాళ్లకు మార్కెట్ల ఉంటం. దాటకముందే ఊరొచ్చిందంటే జల్ది బయలెల్లినట్టు. మాకు గడియారమేడిది బిడ్డా, ఆమెనే’ అన్నాడు." సైకిలు గోడకి ఆనించి, "నేను సైకిలు మీదుండి కూడా అందుకోవడానికి గట్టిగా తొక్కాల్సొచ్చిందే. అసలు చప్పుడే లేదు" అన్నారు. ఆ గొంతులో గర్వం దాచుకోవడం ఆయనకు చేతకాలేదు.

పైఆఫీసరుకు ఈయన ఏం జవాబు చెప్పారో నాకు తెలియదు. జీతాలు రాగానే మాత్రం ఒక జత కాన్వాసు బూట్లు తెచ్చి తల్లి ముందు పెట్టారు. ఆమె రెండు రోజులు వేసుకుని, మూడో రోజు తుడిచి అట్టపెట్టెలో పెట్టి తిరిగిచ్చేశారు. "వీటిలో నేల వినపడటం లేదురా. చెవుల్లో దూది పెట్టుకున్నట్టుంది." ఆ బూట్లు ఓనరమ్మ తమ్ముడికి సరిపోయాయి.

డెబ్బై ఒకటిలో నేను మళ్లీ కడుపుతో ఉన్నాను. మధ్యలో క్వార్టర్సు వచ్చాయని కబురొచ్చింది. ఆస్పత్రి పక్కనే, వెళదామన్నారు ఈయన. సున్నాలు వేయించి ఇవ్వడానికి ఇంకో రెండు నెలలన్నారు. ఈలోగా అత్తగారు పద్ధతి మార్చారు. గట్ల వెంట నడవడం మాని, బండ్లు ఇంకా రోడ్డెక్కని వేళకే లేచి, మా ఇంటి గుమ్మం నుంచి ఆస్పత్రి గేటు దాకా ఆగకుండా పరుగెత్తి, అక్కడి నుంచి ఎప్పటిలాగే బండ్ల వెనక తిరిగొచ్చేవారు. కొడుకు చేతిగడియారం పక్కలో పెట్టుకుని పడుకునేవారు. చివరి నెలలో ఆ మూడున్నర మైళ్లూ నలభై నిమిషాల్లో దాటేవారు.

తీరా నొప్పులు పట్టపగలు పదకొండింటికి వచ్చాయి. అది ఆదివారం, మా ఆయన ఇంట్లోనే ఉన్నారు. ఓనరమ్మ ఇంటికి చుట్టపుచూపుగా వచ్చినాయన దగ్గర జీపు ఉంది. పావుగంటలో ఆస్పత్రిలో ఉన్నాను. సాయంత్రానికి అమ్మాయి పుట్టింది. ఆ రోజు పరుగెత్తాల్సిన పని ఎవరికీ పడలేదు.

అత్తగారు మనవరాలిని ఒళ్లో పెట్టుకుని నా మంచం పక్కన కూర్చున్నారు. నాకు నవ్వొచ్చింది. "మూడేళ్ల మీ కష్టం అక్కరకు రాకుండా పోయింది అత్తయ్యగారూ" అన్నాను.

"అక్కర రాకపోవడమే కదమ్మాయ్ నేను కోరుకున్నది! గొడుగు తెచ్చిన రోజున వాన పడలేదని ఏడుస్తామా?"

పిల్ల కదిలింది. దాని తల సర్దుతూ, నా వైపు చూడకుండా అన్నారు: "ఆ రోజు నేను రాయి మీద కూర్చున్నందుకు నువ్వు నన్ను ఒక్క మాట అనలేదు."

ఇక్కడ మీకు దాచడం దేనికి? అనలేదు గానీ, అనుకున్నాను. ఆమె లేచి పరుగెత్తి ఉంటే నా బిడ్డ ఉండేదని చాలా రోజులు అనుకున్నాను. డాక్టరమ్మ మాట తెలిసి కూడా అనుకున్నాను. ఆ వార్డులో, ఆ సాయంత్రం, ఆ మాట ఆమెకు చెప్పేశాను.

"నాకు తెలుసు" అన్నారు. "నేను గదిలోకి వస్తే నీ భుజాలు చెవుల దాకా పోయేవి. రోజుకు పదిసార్లు దించేదాన్ని, మళ్లీ లేచేవి. పోయిన ఏడాది నుంచే దిగి ఉంటున్నాయి."

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె నన్ను ఊరుకోబెట్టలేదు. ఏడవనిచ్చి, పిల్లను నా పక్కన పడుకోబెట్టి, కాఫీ తేవడానికి వెళ్లారు.

ఇక మానేస్తారని అందరం అనుకున్నాం. బారసాల అయిన మర్నాడు తెల్లవారుజామున తలుపు గడియ తీసిన చప్పుడైంది. "ఇంకా ఎందుకండీ?" అన్నాను పడుకునే. "రాయి దాటాను, గేటు దాకా పోయాను. ఇంకో వైపు ఏముందో చూడొద్దూ?" అన్నారు. ఆ రోజు బాచుపల్లి దారి పట్టారు. మెత్తటి ఎర్రమట్టి, ఎత్తుపల్లాలు. అప్పటి నుంచి ఒకరోజు బొంబాయి రోడ్డు, ఒకరోజు బాచుపల్లి. ఎత్తు ఎక్కేటప్పుడు అడుగు ఇంకా చిన్నది చెయ్యాలని, దిగేటప్పుడు వెనక్కి వాలకూడదని ఆ దారే నేర్పిందట. క్వార్టర్సుకు మేము వెళ్లనే లేదు. అక్కడ రోడ్డు మరీ చదునుగా ఉందన్నారు ఆమె. నాకూ ఓనరమ్మను వదిలి వెళ్లాలనిపించలేదు.

చుట్టాల పెద్దావిడకు ఇక చెప్పాల్సింది కొంచెమే. నెమ్ము పరుగెత్తని వాళ్లకూ వస్తుంది. మా ఓనరమ్మ గారి భర్తకు రెండేళ్ల క్రితం వచ్చింది, ఆయన బండి దిగి పది గజాలు పరుగెత్తగా ఎవరూ చూడలేదు. యాభయ్యో ఏట గోడ పట్టుకుని లేచిన మనిషి అరవయ్యో ఏట బావిలో నుంచి రెండు చేతులా నీళ్లు తోడింది, మనవరాలిని వీపున ఎక్కించుకుంది. ఆస్పత్రిలో డాక్టరు నాడి చూసి, కాగితం మీద వయసు చూసి, మళ్లీ నాడి చూశాడు. ఆ పదకొండేళ్లూ రోగం తెచ్చిపెట్టాయని ఎవరైనా అంటే, వాళ్లు ఆమెను చూడలేదన్నమాట.

ఆస్పత్రిలో మూడో రోజున ఆమెకు ఆయాసం ఎక్కువైంది. నేను చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. నా అరచేతి మీద వేలితో మెల్లిగా తడుతున్నారు. ఏమిటా అని చూస్తే, ఊపిరి లెక్క.

"మూడు రావటం లేదమ్మాయ్" అన్నారు. "రెండుతో నడిపిస్తున్నా."

ఆ ముఖంలో భయం లేదు. కాలి నొప్పి గురించి ఓనరమ్మ భర్త చెబుతుంటే విన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది, శ్రద్ధగా.

ఆమె ఎప్పుడూ ఒంటరిగానే పరుగెత్తేవారు. పక్కన మనిషి ఉంటే మాటలొస్తాయి, మాటలొస్తే అడుగు వినపడదు అనేవారు. పోయిన చలికాలం ఒక్కసారి నన్ను రానిచ్చారు. పిల్లను వాళ్ల నాన్నకు వదిలి, నేనూ గోచీ పెట్టుకుని బయలుదేరాను. "వెనక రా. మాట్లాడకు" అన్నారు. బాచుపల్లి దారిలో మంచు పలచగా ఉంది, తూర్పున అప్పుడే తెలుపెక్కుతోంది. వంద గజాలకే నా ఊపిరి నాకు పెద్ద కొలిమితిత్తిలా వినిపించింది. ఆమె నుంచి ఏమీ వినపడలేదు. కళ్ల ముందు మసక చీర, దాని పైన కదలని ముడి, కింద రెండు అరికాళ్లు. ఒకటి లేచి తెల్లగా మెరిసి నేలకు దిగుతుంది, అంతలో రెండోది లేచి మెరుస్తుంది. ఎర్రమట్టి అంటిన ఆ తెలుపు ఒకే ఎత్తులో, ఒకే దూరంలో లేస్తూ దిగుతూ ముందుకు పోతోంది. నేను నడకలోకి దిగిపోయాను. ఆమె వెనక్కి చూడలేదు. దారి ఎత్తు ఎక్కి అవతలికి వంగేచోట మనిషి మంచులో కలిసిపోయింది. ఆ రెండు తెల్లటి అరికాళ్లు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి, ఇంకా కాసేపు కనిపించాయి.